గేజి దగ్గర నిలబడ్డ మనిషి

ఏప్రిల్ 19, 1936

ఇది పాత గేజి పుస్తకం. ముందువైపు కొల్లేటి నీటి మట్టాలున్నాయి. వెనక నలభై కాగితాలు ఖాళీగా మిగిలాయి. వెనకవైపు నుంచి నా సంగతి రాసుకుంటాను. నాకు చదువు చెప్పినవాళ్ళు లేరు. గేజి రాయి మీద అంకెలు, కాలవ మీద బోర్డుల్లో అక్షరాలు చూసి నేర్చుకున్నాను. కాలవల మీద లస్కరు పనికి ఆ మాత్రం చాలునన్నారు. నోటితో చెప్పలేనిది చేత్తో రాయవచ్చునని ఇవాళ తోచింది.

పుండు మానింది. ఫిబ్రవరి నుంచి దొడ్డికి వెళ్ళిన ప్రతిసారీ గాజు పెంకు కోసుకుంటూ పోయినట్టుండేది. నెత్తురు పడేది. ఆ తరవాత రెండు గంటలు మంట. మొలలనుకున్నాను. ఏలూరు డాక్టరు సత్యనారాయణమూర్తి గారు చూసి, మొలలు కావు, ఆసనం అంచున చర్మం చీలిందన్నారు. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో పూటకో పావుగంట కూర్చోమన్నారు. ఆముదం, ఆకుకూరలు, పూత మందు. పది రోజులుగా నెత్తురు లేదు. మంట లేదు.

కాని ఇవాళ కడుక్కుంటుంటే వేలికి ఏదో తగిలింది.

ఏప్రిల్ 20

ఉంది.

ఏప్రిల్ 21

శనగగింజంత. మెత్తగా ఉంది. నొక్కితే నొప్పి లేదు. మొన్నంతా గేజి మెట్టు కింద నడుము లోతు నీళ్ళలో నిలబడి నాచు తీశాను కనుక జలగేమో అనుకున్నాను. ఉప్పు అద్దాను. జలగైతే ఊడిపోవాలి. ఊడలేదు. ఉప్పుకి నేనే గిలగిల్లాడాను.

ఏప్రిల్ 27

ఏలూరు వెళ్ళి వచ్చాను. పడవలో పోవడం నిలబడే, రావడం నిలబడే. సరంగు కూర్చోమని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాడు.

డాక్టరు గారు చూసి నవ్వారు. పుండు పోతూ పోతూ నీకో పిలక పెట్టిపోయిందన్నారు. మానేటప్పుడు చర్మం కాస్త ఎక్కువ పెరిగి అట్లా మిగిలిపోతుందట. చాలామందికి ఉంటుందట, ఎవరూ చెప్పుకోరట. కోయవచ్చుగాని కోస్తే మళ్ళీ పుండు, మళ్ళీ మూడు నెలల అవస్థ. శుభ్రంగా కడుక్కుని తడి లేకుండా తుడుచుకో, దొడ్డికి గట్టిగా కానివ్వకు, అప్పుడప్పుడు ఉబ్బుతుంది, దురద పెడుతుంది, భయపడకు అన్నారు.

గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళి ఒక్క మాట అడిగాను. "దానికి ప్రాణం ఉంటుందాండీ?"

"నీకెంత ఉందో దానికీ అంతే" అన్నారు, చేతులు కడుక్కుంటూ.

మే 8

కడుక్కున్న ప్రతిసారీ తగులుతుంది. ఒళ్ళు శుభ్రమైందో లేదో తెలియదు. దాని మడతలో ఏదో ఉండిపోయిందేమోనని మళ్ళీ కడుగుతాను. నమాజులో ముందు వరసలో నిలబడడం మానేశాను. తరవాత చివరి వరసలో కూడా మానేసి ఇంట్లోనే చేసుకుంటున్నాను. దురద పెట్టినప్పుడు అది కదిలినట్టు ఉంటుంది. కదలదు. తెలుసు.

అరుగు మీద పడుకుంటున్నాను. ఎండాకాలం గదా అన్నాను రబియాతో.

మే 29

రబియా అడిగింది. "ఏవండీ, నా మీద కోపమా?" లేదన్నాను. అయితే ఒంట్లో బాగుండలేదా అంది. బాగానే ఉందన్నాను. పుండు సంగతి తనకి తెలుసు. ఈ రెండో సంగతి తెలియదు. పాతికేళ్ళ కాపురంలో తన దగ్గర దాచింది ఇదొక్కటే. వట్లూరులో ఉన్న మా అమ్మాయి సాబిరాకి నాన్న మాట్లాడడం లేదని కబురు పెట్టిందట.

జూన్ 20

మధ్యాహ్నం నుంచి విపరీతమైన దురద. చూసుకుంటే చింతగింజంత అయింది. బిగిసి ఉంది. ఆకాశంలో మబ్బు లేదు. గాలి లేదు. ఒళ్ళంతా చెమట.

గేజి సాయంత్రం మూడడుగుల ఒక అంగుళం.

జూన్ 21

పొద్దున మూడడుగుల పది. ఎగువన వాన పడిందట. తమ్మిలేరు ఏటికి వరద వచ్చింది. అది మళ్ళీ శనగగింజంత అయింది.

ఊరకే రాస్తున్నాను. దీనికీ దానికీ సంబంధం లేదు.

జూలై 14

ఉబ్బింది.

జూలై 15

నీళ్ళు ఎనిమిదంగుళాలు ఎక్కాయి. సంబంధం లేదని మళ్ళీ రాయడానికి చెయ్యి రాలేదు.

ఆగస్టు 2

దీన్ని వివరంగా రాయాలి.

నా పని పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి గేజి రాయి దగ్గరికి దిగి మట్టం చూసి పుస్తకంలో ఎక్కించడం. గేజి గట్టు అవతల ఉంది. నా ఇల్లు ఇవతల ఉంది. ఇంట్లోంచి గేజి కనబడదు. నీళ్ళు ఏడడుగులు దాటితే గట్టు మీద వెదురుకి ఎర్రగుడ్డ కట్టి ఎత్తాలి. ఎదురుగా కేక దూరంలో చింతలంక ఉంది. ఎర్రగుడ్డ చూస్తే లంకలో పల్లపు గుడిసెలవాళ్ళు, ముప్ఫై కుటుంబాలు, పిల్లల్నీ కోళ్ళనీ తీసుకుని మెరక మీదికి పోతారు. చూడకపోతే పోరు. వాళ్ళ ప్రాణాలు ఆ గుడ్డ మీద ఉన్నాయి.

మొన్న ముప్ఫై ఒకటో తేదీ మధ్యాహ్నం అది ఎన్నడూ లేనంతగా ఉబ్బింది. నడవలేకపోయాను. గేజి ఐదడుగుల పది మాత్రమే. గట్టెక్కి చాలాసేపు నిలబడ్డాను. ఎర్రగుడ్డ ఎత్తాను.

లంక నుంచి సత్తిబాబు దోనెలో వచ్చాడు. పల్లపు గుడిసెల్లో చివరిది అతనిది, తల్లి వెంకటనరసమ్మది. "బాబాయ్, నీళ్ళెక్కడున్నాయి? రబియా పిన్ని చీర ఆరేసిందా ఏంటి?" అన్నాడు. దోనెలోవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. దానితో అతనికి అనుమానం వచ్చింది. సణుక్కుంటూనే మెరక ఎక్కారు.

పొద్దుటికి గేజి ఏడడుగుల ఎనిమిది. పల్లపు గుడిసెల్లో మంచాలు తేలాయి. ఒక కోడిపిల్ల కూడా పోలేదు.

ఓవర్సీరు కృపానందం గారు పడవలో వచ్చారు. ఐదడుగుల పది దగ్గర గుడ్డ ఎందుకు ఎత్తావని అడిగారు. గాలి వాసన బట్టి తెలిసిందండీ అన్నాను. ఇరవై ఏళ్ళు నీళ్ళ దగ్గర ఉన్నవాడికి అది పట్టుబడుతుందని ఆయన పక్కనున్న గుమాస్తాతో అన్నారు.

గాలి వాసన అని ఎందుకన్నానో నాకు తెలుసు.

ఆగస్టు 9

తాడేపల్లిగూడెం. రబియా తమ్ముడు మొహిద్దీన్‌ది అక్కడ జట్కా. నేను కూర్చోవడం లేదని అక్క ఉత్తరం రాయించిందట. జట్కా వెనక ఎక్కించుకుని నిదానంగా అడిగాడు. మగవాడు గనక చెప్పాను. పిలక సంగతే చెప్పాను. నీళ్ళ సంగతి చెప్పలేదు.

"దీనికేముంది బావా. మా గుర్రం తోక వెంట్రుక ఒక్కటి ఇస్తాను. దాని మొదలు దగ్గర బిగించి ముడెయ్యి. వారంలో వాడి రాలిపోతుంది. మా వీధిలో ఇద్దరికి నేనే ఇచ్చాను" అన్నాడు. వెంట్రుకను కడిగి కాగితంలో చుట్టి జేబులో పెట్టాడు. దొడ్డికి సాఫీగా కావడానికి ఇసబ్‌గోల్ పొట్లం కూడా ఇచ్చాడు.

రైలు భీమడోలు దాటాక వెంట్రుకను కిటికీలోంచి వదిలేశాను. అది రాలిపోతే లంకవాళ్ళకు ఎవరు చెబుతారు?

ఆగస్టు 20

రోజూ ఎవరో ఒకరు దోనె వేసుకుని వస్తున్నారు. ఎక్కువగా వెంకటనరసమ్మే. చేపల తట్ట దించుకుని అరుగు ముందు నిలబడుతుంది. "నాయనా, ఇవాళ ఇంట్లో పడుకోనా, మెరకెక్కనా?" అని అడుగుతుంది. ముసలామె. మోకాళ్ళు పట్టేశాయి. మెరక ఎక్కడమంటే ఆమెకి పెద్ద పని.

నేను కళ్ళు మూసుకుని దాన్ని అడుగుతాను. తరవాత చెబుతాను. ఇంతవరకూ తప్పలేదు. పోయేముందు ఒక చేప అరుగు మీద పెడుతుంది. వద్దంటే వినదు.

ఆగస్టు 31

గేజికి పొద్దున ఒక్కసారే వెళ్ళాను. సాయంత్రం మట్టం పుస్తకంలో ఎక్కించి, ఆ తరవాత వెళ్ళి చూశాను. సరిపోయింది. అంగుళం కూడా తేడా లేదు.

సెప్టెంబరు 5

ఇసబ్‌గోల్ మొదలుపెట్టి మూడు వారాలైంది. దొడ్డికి సాఫీగా అవుతోంది. దురద లేదు. అది ఇంత చిన్నదిగా ఎప్పుడూ లేదు. వేలితో వెతుక్కోవలసి వస్తోంది. కొల్లేరు నెమ్మదించింది కాబోలు.

సెప్టెంబరు 11

వాన. జ్వరం తగిలింది. రబియా బయటికి పోనివ్వలేదు. దాన్ని అడిగాను. ఏ అలజడీ లేదు. గేజి ఆరడుగుల రెండంగుళాలు. మార్పు లేదు.

సెప్టెంబరు 12

మార్పు లేదు.

సెప్టెంబరు 13

మార్పు లేదు. జ్వరం తగ్గింది. వాన తగ్గలేదు. రేపు వెళ్ళి చూస్తాను. చూడనవసరం లేదుగాని వెళ్తాను.

సెప్టెంబరు 14

వాన. వెళ్ళలేదు. మార్పు లేదు.

సెప్టెంబరు 15

నీళ్ళు.

సెప్టెంబరు 18

మూడు రోజులుగా కలం పట్టలేదు.

పదిహేనో తేదీ తెల్లవారి నమాజుకు లేచాను. వాకిట్లో కాలు పెడితే చీలమండ దాకా నీళ్ళు. గట్టు పొర్లుతోంది. ఎర్రగుడ్డ తీసుకుని పరుగెత్తాను. గట్టెక్కేసరికి ఆ గుడ్డ చూడవలసిన లంకవాళ్ళు అప్పటికే తాటిచెట్ల మీద ఉన్నారు. గేజి రాయి కొస మాత్రమే కనబడింది. తొమ్మిదడుగులకు తక్కువ ఉండదు. దోనెలు వేసుకుని మెరకవాళ్ళు ఒక్కొక్కరినీ దింపారు. పిల్లలందరూ దక్కారు.

వెంకటనరసమ్మ నిన్న తుంగలో దొరికింది.

ఆ పొద్దున, గట్టు మీద నిలబడి ఉండగా, దాన్ని తడిమి చూసుకున్నాను. చిన్నగా, మెత్తగా ఉంది. నిద్రపోతున్నట్టు ఉంది.

సెప్టెంబరు 22

కృపానందం గారు విచారణకు వచ్చారు. మా అరుగు మీదే కూర్చుని ఇప్పటి గేజి పుస్తకం తెరిచారు. నాలుగు రోజులు, ఎనిమిది పూటలు, ఒకే అంకె. వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివారు. నీళ్ళు ఒక్కసారిగా మీద పడ్డాయన్నమాట, నీ తప్పు ఏమీ లేదన్నారు.

నేను చెప్పేశాను. "ఆ నాలుగు రోజులూ నేను గేజి దగ్గరికి పోలేదండీ."

ఆయన తలెత్తి చూశారు. జ్వరంలో మతి చెదిరిందనుకున్నారు. "అట్లా అనకు కాలేషా. పన్నెండో తేదీ పొద్దున మా పడవవాడు అటు పోతూ నిన్ను చూశాడు. లంకలో పదిమంది చెప్పారు. రెండు పూటలా గొడుగు పట్టుకుని నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉన్నావట. పిలిస్తే పలకలేదట. ఒంట్లో బాగుండకపోయినా పని మానలేదని పైకి రాశాను."

వద్దండీ, నేను ఇంట్లో ఉన్నానండీ అని మళ్ళీ చెప్పాను. ఆయన పుస్తకం మూసి, విశ్రాంతి తీసుకో అని వెళ్ళిపోయారు.

ఆయనకు తోచలేదు. గేజి ఆరడుగుల రెండు ఉన్నప్పుడు రాయి పక్క మెట్టు మీద నీళ్ళు మోకాలి లోతే ఉంటాయి. నడుము దాకా ఉన్నాయంటే ఏడున్నర. నేను మార్పు లేదని రాసిన పొద్దునే అక్కడ ఏడున్నర ఉంది. అక్కడ నిలబడ్డవాడికి అది తెలుసు.

సెప్టెంబరు 23

రబియాని అడిగాను. ఆ నాలుగు రోజులూ నేను ఎక్కడ ఉన్నాను?

"ఎక్కడుంటారు? ఈ మంచం మీద ఉన్నారు. గుమ్మానికి అడ్డంగా నేను పడుకున్నాను. ఖురాను మీద చెయ్యి పెట్టమంటే పెడతాను" అంది.

ఆ తరవాత అంతా చెప్పేశాను. ఏప్రిల్ నుంచి మొదలుపెట్టి. నీళ్ళు, ఉబ్బడం, కళ్ళు మూసుకుని అడగడం, ముసలామె. చెబుతున్నంతసేపూ ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. అయ్యాక చేట పక్కన పెట్టింది.

"దీని కోసమా నాలుగైదు నెలలు అరుగు మీద పడుకున్నారు? సాబిరా పుట్టినప్పటి నుంచి నాకూ ఉంది అట్లాంటిది. ఇరవై రెండేళ్ళయింది. అది నాతో ఎన్నడూ ఏమీ అనలేదండీ."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ముసలామె కొడుక్కి మీరే వెళ్ళి చెప్పండి, ఇంకెవరిచేతా చెప్పించకండి అంది.

సెప్టెంబరు 25

వెళ్ళలేదు.

సెప్టెంబరు 27

వెళ్ళలేదు. దోనె లేదని చెప్పాను రబియాతో. దోనె ఉంది.

అక్టోబరు 1

లంకకు వెళ్ళాను. పల్లపు గుడిసెలు మళ్ళీ లేస్తున్నాయి. సత్తిబాబు తాటిదోనె బోర్లించి పగుళ్ళు పూడుస్తున్నాడు. పక్కన కూర్చున్నాను. ఇప్పుడు కూర్చోగలుగుతున్నాను.

ఆ నాలుగు రోజులూ గేజి చూడలేదని, ఇంట్లో పడుకుని అంకెలు వేశానని చెప్పాను. ఎందుకు చూడలేదో కూడా చెప్పాను. ఆ మాట చెప్పడానికి చాలాసేపు పట్టింది. నవ్వుతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండును.

అతను చేతిలో పని ఆపలేదు. "నీళ్ళు గుమ్మంలోకి వచ్చాయి బాబాయ్, ముందు రోజే. లేవమ్మా అన్నాను. కాలేషా గుడ్డ ఎత్తలేదుగా అంది. పద్నాలుగో తేదీ సాయంత్రం నా దోనె ఎక్కి గేజి దాకా వచ్చింది మిమ్మల్ని అడగడానికి. నేనే తీసుకొచ్చాను. మీరు అక్కడ ఉన్నారు. గొడుగు అటు తిప్పి ఉంది. పడుకోనా, మెరకెక్కనా నాయనా అని అడిగింది."

నేనేమన్నానని అడిగాను.

"మీరేమీ అనలేదు. రాయి వంక చూస్తూ ఉన్నారు. ఏమీ అనలేదంటే ఏమీ లేదనుకుంది. వెనక్కి తిప్పేశాను."

అది నేను కాదు సత్తిబాబూ అన్నాను. అతను అప్పుడు నా మొహం చూశాడు. ఆ వానలో నేనైనా మొహం చూశానని చెప్పలేనన్నాడు. గొడుగు చూశాను, చొక్కా చూశాను, అక్కడ రోజూ ఉండేది మీరే గదా అన్నాడు.

వచ్చేముందు అతనితో ఒక ఏర్పాటు చేసుకున్నాను. గేజి దగ్గర నేను కనబడితే పేరు పెట్టి కేకెయ్యి. మూడుసార్లు పిలువు. పలికితే నేను. పలక్కపోతే అది నేను కాదు. గుడ్డ కోసం చూడకు, గేజి ఎంతుందని అడగకు. అందర్నీ తీసుకుని మెరకెక్కు.

సరేనన్నాడు. మీ ఇంట్లో అన్నం తినబుద్ధి కావడం లేదు బాబాయ్, మరోలా అనుకోకండి అని కూడా అన్నాడు.

అక్టోబరు 2

పొద్దున పిలిచాడు. పలికాను. సాయంత్రం పిలిచాడు. పలికాను. ఆరడుగులు.

అక్టోబరు 6

పిలిచాడు. పలికాను. ఐదడుగుల తొమ్మిది. నీళ్ళు తీస్తున్నాయి. ఇసబ్‌గోల్ అయిపోయి రెండు రోజులైంది. అది కొంచెం ఉబ్బింది. వేణ్ణీళ్ళ తొట్టిలో కూర్చున్నాను. తగ్గింది. నీళ్ళు మాత్రం తీస్తూనే ఉన్నాయి.

అక్టోబరు 11

మధ్యాహ్నం ఇంట్లో అన్నం తింటున్నాను. గట్టు అవతలి నుంచి సత్తిబాబు కేక వినపడింది.

"కాలేషా బాబాయ్."

ఇది గేజి వేళ కాదు. నేను పీట మీద ఉన్నాను. ఎదురుగా రబియా ఉంది. ఆవిడ నోరు తెరిచి పలకబోయింది. ఎంగిలి చేత్తోనే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. ఇక్కడి నుంచి పలికితే గట్టు దాటి వినబడుతుంది. అక్కడున్నవాడు పలికాడనుకుంటారు.

రెండోసారి పిలిచాడు. గొంతు మారింది.

మూడోసారి.

నాలుగో కేక రాలేదు. లంకలో కుక్కలు మొరిగాయి. పిల్లల ఏడుపు, పళ్ళేల చప్పుడు, దోనెలు తడకలకు తగిలే చప్పుడు. ఎండగా ఉంది. అన్నీ సద్దుమణిగేదాకా ఇద్దరం కదల్లేదు.

అప్పుడు గట్టెక్కాను. గేజి దగ్గర ఎవరూ లేరు. నీళ్ళు కదలడం లేదు. రాయి చుట్టూ నాచు చెదిరి ఉంది. గేదెలు దిగినా అట్లాగే చెదురుతుంది.

లంకలో పల్లమంతా ఖాళీ. అందరూ మెరక మీద మూటలు ముందు పెట్టుకుని నా వంకే చూస్తున్నారు. సత్తిబాబు ముందుకు వచ్చి పిలిచాడు. పలికాను.

"ఇందాక మీరు కాదుగా?" అన్నాడు.

కాదన్నాను.

అతను వెనక్కి తిరిగి ఆడవాళ్ళతో ఏదో చెప్పాడు. వాళ్ళు అక్కడే పొయ్యిరాళ్ళు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఒక్కరూ నన్ను తిట్టలేదు.

నీళ్ళలోకి దిగాను. మోకాళ్ళ కిందికి ఉన్నాయి. ఒళ్ళు ఏం చెబుతోందో నేను అడగలేదు. వంగి అంకె మీద వేలు పెట్టాను. తడి ఎక్కడ ఆగిందో చూశాను. చెయ్యి తుడుచుకుని మళ్ళీ చూశాను.

ఐదడుగుల నాలుగంగుళాలు. పొద్దుటి నుంచి మార్పు లేదు. వెళ్ళి చూసే రాశాను.